దివాన్ మీద భాగ్యవతక్క నిద్ర

మా తోడికోడలు భాగ్యవతక్క నిద్ర మా ఇంటికొచ్చేసి, హాల్లో దివాన్ మీద పడుకుని ఉంటోంది. అక్క వాళ్ళాయన సత్తిరాజు బావగారి పెద్దకర్మ అయిన మర్నాడు వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విప్పి, కాళ్ళు కడుక్కుని, ఫ్యాను గాలి ఎటు తగులుతుందో కనుక్కుని మరీ పడుకుంది. అక్క ఉండేది కింద, గ్రౌండ్ ఫ్లోర్‌లో. మేము మూడో అంతస్తులో. లిఫ్టంటే దానికి భయమట, మెట్లెక్కే వచ్చింది.

చూడ్డానికి అంత పెద్దదేమీ కాదు. బొద్దుగా, బూడిద రంగులో, ఎండలో వెయ్యని పరుపులా ఉంటుంది. కళ్ళుండవు, చప్పుడుని బట్టే మసులుతుంది. ఎవరైనా చుట్టాలొస్తే మర్యాదగా లేచి కూర్చుంటుంది. వాళ్ళు కాఫీ తాగి, దాని పక్కన కూర్చుని నాలుగుసార్లు ఆవలించి వెళ్ళిపోతారు. మా ఆయనకి హాల్లో చోటు లేక వంటింట్లో పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఇంటిల్లిపాదిలో సుఖపడుతున్నది అదొక్కటే.

కింద అక్క రెప్ప వాల్చడం లేదు. నెలలైంది. మెలకువ ఆవిణ్ణి అరగదీస్తోంది. ముందు వేళ్ళ కొసలు పోయాయి. తర్వాత చెవి తమ్మెలు. ఇప్పుడు మంచినీళ్ళు తాగుతుంటే గ్లాసు గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది, నీళ్ళు మాత్రం ఒలకవు. డాక్టరు చూసి, "నిద్ర ఇంట్లోనే లేనప్పుడు ఈవిడికి మాత్రలిచ్చి ఏం లాభమండీ? అది ఎక్కడుంటే అక్కడ వెయ్యండి" అంటాడు. మాత్రలు తీసుకొచ్చి దివాన్ మీద దానికి వేస్తాను. అది ఇంకాస్త హాయిగా పడుకుంటుంది.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేస్తుంది.

"వసూ, నువ్వా జపాను బొమ్మల సినిమాలు చూస్తావు కదే. నాక్కూడా ఓ మంచిది చెప్పవే. పొద్దు గడిచి చావట్లేదు."

నా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ మాట ఎంతమంది అడిగారో! పెళ్ళికెళ్తే బంతిలో పక్కనావిడ అడుగుతుంది. బ్యాంకులో వెనక నిలబడ్డాయన అడుగుతాడు. పళ్ళ డాక్టరైతే నా నోట్లో చెయ్యి పెట్టి మరీ అడుగుతాడు. చెప్తాను. ఏడుపుది కావాలా, నవ్వుకునేది కావాలా, ఇనుప మనుషులు కొట్టుకునేది కావాలా అని కనుక్కుని, మనిషిని బట్టి వడ్డించినట్టు చెప్తాను. జపాను మాటలే వినండి, కింద అక్షరాలు చదువుకోండి, డబ్బింగ్ జోలికి మాత్రం పోకండి అని బతిమాలతాను. మూడు భాగాల దాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత వద్దన్నా వదలరు అంటాను. వాళ్ళు పది నిమిషాలు చూసి, "ఇది చిన్నపిల్లలదాండీ?" అంటారు. ఇరవయ్యేళ్ళుగా ఇదే తంతు. ఇక చచ్చినా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను.

కానీ అడుగుతున్నది భాగ్యవతక్క. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాకంటూ ఉన్న దిక్కు ఆవిడొక్కతే. ఆవిడ పూర్తిగా అరిగిపోతే నేను తట్టుకోలేను.

"ఏడాది మైలలో సినిమాలు చూడొచ్చా అక్కా?" అంటాను.

"రత్నావళి వదిన్ని అడిగాన్లే. బొమ్మలేగా, మనుషులు కాదుగా, పర్లేదంది."

రత్నావళి వదిన మా ఆడపడుచు. మైల ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తీరుతుందో, ఈలోపు ఎవరు ఏం చెయ్యకూడదో అన్నీ ఆవిడ నోట్లోనే ఉంటాయి. ఆవిడ పర్లేదంటే ఊరంతా పర్లేదన్నట్టే.

నెమ్మదైన దానితో మొదలుపెడతాను. వానలే పడని ఒక రేవు ఊళ్ళో గొడుగులు బాగుచేసే అమ్మాయి కథ. అందులో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అలలు కూడా అడిగి వస్తాయి. మర్నాడు కిందికి దిగి చూస్తే అక్క కళ్ళు అలాగే తెరుచుకుని ఉన్నాయి.

"బానే ఉందే. ఆ పిల్లకి తల దువ్వేవాళ్ళెవరూ లేరా పాపం?" అంటుంది. ఆవిడ ఎడమ కనుబొమ్మ కనిపించడం లేదు.

తాబేలు పోస్టుమాస్టరుగా ఉన్న కొండ ఊరి కథ చెప్తాను. దానికి నిద్రపోని మనిషి లేడు, నేనే ఇప్పటికి చివరి భాగం చూడలేదు. అక్క ఆసాంతం చూసేస్తుంది. "ఆ తాబేలుకి పెన్షనొచ్చిందో లేదో చెప్పకుండా ముగించేశాడేంటే?" అని నన్ను నిలదీస్తుంది. ఇక విసుగొచ్చి ఇనుప మనుషులది పెట్టుకోమంటాను. ఇనుము బాగుందంటుంది. ముంజేతులు సగం దాకా పోయాయి. బంగారు గాజులు మాత్రం వాటంతటవే అటూ ఇటూ కదులుతూ పప్పు కలుపుతున్నాయి.

అప్పుడు ఒక సంగతి కనిపెడతాను. కింద అక్క టీవీ పెట్టినప్పుడల్లా, మా దివాన్ మీది నిద్ర గబగబా లేస్తోంది. దుప్పటి మడతపెట్టి, జుట్టు సవరించుకుని, మెట్లు దిగుతోంది. కాసేపటికి ఆయాసపడుతూ తిరిగొచ్చి మళ్ళీ నడుం వాలుస్తోంది.

"ఏంటి నీ బాధ? వెళ్ళేదానివి లోపలికి వెళ్ళకూడదూ?" అని కసురుతాను.

"నాకు మాత్రం సరదానా అండీ? వీధి గుమ్మానికి ఎదురుగా పెద్దాయన ఫొటోకి దండేసి పెట్టారు. ఆయన్ని దాటుకుని నేనెలా వెళ్తాను? టీవీలోంచి వెళ్ళాలి. బొమ్మల మొదట్లో పాట వస్తుంది కదా, ఆ పాట ఉన్నంతసేపే అందులో తలుపు తెరిచి ఉంటుంది. నేను ఆఖరి మెట్టు దిగేసరికి ఆవిడ పాట దాటించేస్తున్నారు. నా మొహం మీదే మూసుకుపోతోంది."

"పాట లేని సినిమా చెప్తే?"

"పాట లేకపోతే తలుపే లేదండి." చెప్పాలా వద్దా అన్నట్టు గోళ్ళు గిల్లుకుంటుంది. "ఇంకో మాటండీ. సంవత్సరీకం దాకానే నేను ఆవిడ నిద్రని. అది దాటితే ఇక్కడిదాన్నైపోతాను. మీ ఇంటి మనిషినే ఇక."

సంవత్సరీకం ఈ ఆదివారమే. వంటవాళ్ళకి చెప్పడం కూడా అయిపోయింది. వెంటనే కిందికి పరిగెడతాను.

"అక్కా, మొదట్లో పాట దాటేస్తున్నావా?"

"దాటెయ్యనా మరి? మీ బావగారు పోయి ఏడాదన్నా తిరగలేదు, ఇంట్లో పాటలేంటే? వదిన బొమ్మలు చూడమంది కానీ పాటలు వినమందా?"

"ఒక్కటి. ఒక్క పాట విను. నా మాట మీద గౌరవం ఉంటే."

"చాల్లే. సంవత్సరీకం అయ్యాక నువ్వెన్ని వినమంటే అన్ని వింటాను."

అయ్యాక వింటే ఏం లాభం? ఆ మాట చెప్దామంటే నోరు రాదు. ఆవిడ గడ్డం కూడా పలచబడుతోంది, ఆ వెనక గోడకున్న క్యాలెండరు కనిపిస్తోంది. రత్నావళి వదినకి ఫోన్ చేస్తాను.

"పాట వింటే గానీ నిద్ర రాదా దానికి? మా రోజుల్లో మేం పాటలు విని పడుకున్నామా?" అంటుంది వదిన.

"వదినా, మనిషి అరిగిపోతోంది. మొహం సగమే ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

వదినకీ వాళ్ళన్నయ్యంటే ప్రాణమే, భాగ్యవతక్కంటే కోపమేమీ లేదు. ఫోన్లో ముక్కు చీదిన చప్పుడొస్తుంది.

"సౌండు తీసేసి చూడమను. చెవిన పడకపోతే మైల లేదు, కంటికి మైల ఎక్కడుంది?" అంటుంది.

శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నిద్రని చెయ్యి పట్టుకుని దింపుతాను. ఎంత బరువో! నెలల తరబడి వాడకుండా ఉంచిన నిద్ర. మెట్టు మెట్టుకీ నా ఒళ్ళు తూలుతుంది, ఎక్కడికక్కడ కూలబడి పడుకోవాలనిపిస్తుంది. చివరి మెట్టు దగ్గర దాన్ని నిలబెట్టి, నేను మాత్రం లోపలికెళ్ళి అక్క పక్కన కూర్చుంటాను. గొడుగుల అమ్మాయి కథే మళ్ళీ పెడతాను. సౌండు పూర్తిగా తీసేస్తాను.

పాట మొదలవుతుంది. రేవు ఊరి జనమంతా ఒడ్డు మీదికొచ్చి బారులు తీరి నిలబడతారు. గాలికి అందరి జుట్టూ ఒకేవైపు ఎగురుతుంది. అందరూ నోళ్ళు తెరుస్తారు. ఏమీ వినపడదు.

తెర మూల జానెడు మేర తెరుచుకుంటుంది. అందులోంచి నిద్ర తల పెడుతుంది.

"ఎటు రావాలండీ? చప్పుడు లేదు, నాకు దారి తెలియట్లేదు" అంటుంది గుసగుసగా. దానికి కళ్ళుండవన్న సంగతి నాకు అప్పుడు గుర్తొస్తుంది. ఛ, ఎంత పని చేశాను! పాట సగానికొచ్చేసింది. రిమోట్‌లో సౌండు బటన్ మీద నా బొటనవేలుంది, నొక్కితే అక్క లేచి వెళ్ళిపోతుంది. నొక్కకపోతే అక్కే ఉండదు.

అక్క మాత్రం నన్ను చూడ్డం లేదు. "అంతమంది నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారే. ఒక్కళ్ళకీ మాట పెగలట్లేదు" అంటుంది, టీవీ వైపు వంగి. తర్వాత ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంటుంది. కంటికి కనిపించని చెయ్యి.

ఆఖరి వరసలో, చేపల బుట్టలావిడ పక్కన, సత్తిరాజు బావగారు నిలబడి ఉన్నారు. చేతుల బనీను, గళ్ళ లుంగీ. నాలుగు గీతల్లో గీసేశారు, అయినా ఆయనే. ఆయన కూడా నోరు తెరిచారు. ఏం అనాలో తెలియనట్టు ఇటే చూస్తున్నారు.

"ఈయనెప్పుడు పాడారే?" అంటుంది అక్క. "పాపం, అందరిలో నవ్వులపాలైపోతారు. ఎవరో ఒకళ్ళు పాడిపెట్టాలి కదా."

అని ఆవిడే అందుకుంటుంది. జపాను మాటలు రావు, అందుకని నోటికొచ్చింది పాడుతుంది. గ్యాసు అయిపోయిందని పాడుతుంది. మోటారు కాలిపోయిందని, మెకానిక్కు రేపు రేపంటున్నాడని పాడుతుంది. మీ చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశారు, నన్నొక్క మాట అడగలేదు అని పాడుతుంది. అందరూ వచ్చారు, తిన్నారు, వెళ్ళారు, నేనూ మీతో వస్తానంటే తప్పన్నారు అని పాడుతుంది. నన్ను మెలకువగా వదిలేసి మీరొక్కరే పడుకున్నారు, మీరొక్కరే పడుకున్నారు అని అదే మాట తిప్పి తిప్పి పాడుతుంది.

ఒడ్డు మీద జనం పెదాలు ఆ మాటలకి సరిగ్గా కదులుతాయి. గ్యాసు దగ్గర గ్యాసు, మోటారు దగ్గర మోటారు. డబ్బింగంటే మండిపడే నేను నోరు మూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తాను. పాట అయిపోవాల్సిన చోటు దాటిపోతుంది. అక్క ఆపలేదు గనక వాళ్ళూ ఆపరు.

ఆవిడ గొంతు పట్టుకుని నిద్ర నడుచుకుంటూ వస్తుంది. రేవులోంచి, జనం మధ్యలోంచి, "కాస్త తప్పుకోండి, కాస్త తప్పుకోండి" అంటూ. తెర అంచు పట్టుకుని ఒక కాలు ఇవతల పెడుతుంది. టీపాయ్ కాలికి తగలకుండా తడుముకుంటూ అక్క పాదాల దగ్గరికొచ్చి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, పైకి పాకుతుంది. అక్క పాట మధ్యలో ఒక ఆవలింత వస్తుంది. అటు ఒడ్డు మీద బావగారు ఆవలిస్తారు. చేపలావిడ ఆవలిస్తుంది. వరస వరసా ఆవలిస్తుంది.

అక్క వేళ్ళు వచ్చేస్తున్నాయి. ముందు గోళ్ళు, తర్వాత కొసలు, ఉంగరం ఉండాల్సిన చోట ఉంగరం మచ్చ. కనుబొమ్మ. చెవి తమ్మె. గడ్డం వెనక క్యాలెండరు మాయమవుతుంది. సోఫాలోనే ఒక పక్కకి ఒరిగి, నోరు కాస్త తెరుచుకుని, భాగ్యవతక్క నిద్రపోతుంది.

నేను కదలను. ఒడ్డు మీద జనం నిలబడ్డ చోటే కునుకు తీస్తున్నారు. బావగారు ఒక్కరే వాళ్ళని తప్పించుకుంటూ ముందుకొస్తున్నారు. వచ్చేకొద్దీ పెద్దవారవుతున్నారు. మొహం తెర నిండిపోయాక ఆగి, అక్క నిజంగా పడుకుందో లేదో చాలాసేపు చూస్తారు. నా వైపు తిరిగి పెదాల మీద వేలు పెడతారు. తర్వాత చెయ్యి పైకెత్తి, ఎక్కడో నాకు కనిపించని స్విచ్చు వెతికి, లోపలి నుంచే టీవీ కట్టేస్తారు.

సోఫాలోంచి ఒక గురక. నల్లటి టీవీలోంచి ఇంకో గురక. ఒకటి ఆగితే ఒకటి అందుకుంటోంది. లేచి దగ్గరికెళ్ళి చూస్తాను. ఆ రెండో గురక వచ్చినప్పుడల్లా టీవీ అద్దం మీద అరచేయంత ఆవిరి పడుతోంది. పైట కొంగుతో తుడుస్తాను. పోదు. అది లోపలి వైపుంది.