స్టాండు పెట్టుకుంటానన్నారు

మా ఆయన వారంలో ఆరు రోజులు మాట్లాడరు. కోపం వచ్చి కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తారు. అద్దం మీద నోటి ఆవిరి పడకూడదట, అందుకని అక్కడ నోరు మూసుకోవడం అలవాటు. ఆ అలవాటును భద్రంగా ఇంటికి కూడా తెచ్చుకుంటారు. "ఏమండీ, ఉప్పు సరిపోయిందా?" అంటే తల ఊపుతారు. ఆ ఊపు అవునో కాదో పెళ్ళై ఇన్నేళ్ళైనా నాకు అంతుపట్టలేదు.

నేనేమో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చుంటాను. నోరు తెరవలేని వాళ్ళతో రోజంతా మాట్లాడి ఇంటికొస్తే, ఇంట్లోనూ అదే తంతు.

ఆదివారం పొద్దున మాత్రం ఆయనకి మాటలొస్తాయి. వారమంతా తొక్కిన సైకిల్ని బాల్కనీలోకి తెస్తారు. నేను సీటు పట్టుకుని వెనక చక్రాన్ని నేల మీంచి పైకెత్తి నిలబడాలి. ఆయన కింద చతికిలబడి, చేత్తో పెడలు తిప్పుతూ, గేర్లు సరిచేస్తూ మాట్లాడతారు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలావిడ పక్కనున్న మొగుణ్ణి ఎగాదిగా చూసి "ఎప్పుడింత ముసలాడివైపోయావు?" అందట, అలాంటివన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఈ ఇంటికి మారదామని అనుకున్నది బ్రేకు తీగ మారుస్తున్నప్పుడు. మా అత్తగారు పోయినప్పుడు ఇంటినిండా జనం ఉన్నా కంట తడి పెట్టని మనిషి, ఆ తర్వాతి ఆదివారం చైనుకి నూనె వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చారు. నేను సీటు వదల్లేదు. వదిలితే చక్రం ఆయన వేళ్ళ మీద పడుతుంది.

చూపు చైను మీదుంటుంది, నా మొహం చూడక్కర్లేదు, అందుకే ఆయనకి నోరు పెగులుతుందని నా అనుమానం. ఏదైతేనేం, ఆ గంట నాది. దాని మీద ఎవరు చెయ్యి వేసినా నేను ఊరుకోను.

చెయ్యి వేసింది మాత్రం నా నోరే. అంతసేపు సైకిలు ఎత్తి పట్టుకున్నాక గొప్ప కోసం ఏదో ఒకటి గొణగాలి కదా. "చెయ్యి లాగేస్తోందండీ, భుజం పడిపోతోంది" అని గునిసేదాన్ని. అయ్యో పాపం అంటారని ఆశ. అయ్యో అనలేదు. ఒకరోజు ఫోను నా ముందు పెట్టారు. అందులో మూడు కాళ్ళ ఇనప గొట్టం, దాని పైన దవడలాంటి క్లాంపు. ఆ దవడలో ఒక సైకిలు గాల్లో వేలాడుతోంది.

"రిపేరు స్టాండు. మన సైకిలుకి కొందామా?" అన్నారు. ఆదివారం కాని రోజున అది చాలా పెద్ద ఉపన్యాసం.

ఆ ఇనప గొట్టం వచ్చి నా చోట నిలబడుతుంది, నేను వంటింట్లోకి పోతాను, ఇక ఆదివారం కూడా తల ఊపుళ్ళే. ఈ మాట పైకి చెప్పాలంటే సిగ్గు. అందుకని అడ్డమైన వంకలన్నీ చెప్పాను. చోటు లేదన్నాను. కాళ్ళకి తగులుతుందన్నాను. సైకిలుకి ఒక స్టాండు ఉండగా మళ్ళీ ఇంకో స్టాండేమిటన్నాను. ఆయన ఓపిగ్గా అన్నీ విని, టేపు తెచ్చి బాల్కనీ కొలిచారు.

ఇక లాభం లేదని క్లినిక్ నుంచి నాన్నకి ఫోను చేశాను. "మీ అల్లుడుగారు సైకిల్ స్టాండు పెట్టుకుంటానంటున్నారు నాన్నా. నా మాట చెవిన పెట్టడంలేదు. వద్దని నువ్వైనా చెప్పు" అన్నాను. నాన్న "ఆఁ?" అన్నాడు. ఇంతలో బుగ్గ వాచిన ఒకాయన లోపలికి రావడంతో ఫోను పెట్టేశాను.

మా నాన్న రిటైరయ్యే దాకా రైల్వే స్టేషన్లో టికెట్లు ఇచ్చాడు. ఆయనకి సైకిల్ స్టాండంటే ఒకటే తెలుసు. స్టేషను పక్కన రేకుల షెడ్డు, అందులో వరసగా జనం వదిలి వెళ్ళిన సైకిళ్ళు, వాటి కాపలాకి టోకెన్ల డబ్బా పట్టుకుని స్టూలు మీద కునికిపాట్లు పడే మనిషి. ఆ సంగతి నాకు ఫోన్లో తట్టి ఉంటే ఇంత రభస జరిగేది కాదు.

ఆదివారం తెల్లారేసరికి అమ్మా నాన్నా గుమ్మంలో ఉన్నారు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే కావలించుకుంది. స్టాండు వద్దనడానికి ఇంత హంగామా ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, మద్దతు దొరికిందని సంతోషించి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

"దుకాణంలో ఏమైనా ఇబ్బందా బాబూ?" హాల్లో నాన్న మెల్లగా మొదలుపెట్టాడు.

మా ఆయన తల ఊపారు. నాన్న దాన్ని అవునని తీసుకుని నిట్టూర్చాడు.

"స్టాండు విషయం అమ్మాయి చెప్పింది. ఎక్కడ పెడదామని?"

"బాల్కనీలో మామయ్యగారూ."

"బాల్కనీలోనా? ఎన్ని పడతాయి?"

"ఎన్నేమిటండీ, ఒకటే."

"ఒక్క సైకిలే? దాంతో ఏం గిట్టుబాటవుతుంది?"

"బాగానే గిట్టుబాటవుతుందండీ. ప్రతిదానికీ షాపుకి పరిగెత్తక్కర్లేదు."

"అంటే షాపుకి వెళ్ళడం పూర్తిగా మానేస్తారా?"

"మానేసినట్టే."

అమ్మ ముక్కు చీదడం వంటింట్లోకి వినిపించింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. "పోనీ, రోజంతా ఆ ఒక్క సైకిలూ పెట్టుకుని కూర్చుంటారా?"

"రోజంతా ఎందుకండీ? ఆదివారం పొద్దున ఓ గంట."

"మిగతా వారమంతా?"

"మడిచి మంచం కింద పెట్టేస్తాను."

నేను టీ వడకడుతూ ఆగిపోయాను.

"బాబూ," పిచ్చివాడితో మాట్లాడినంత జాగ్రత్తగా అడిగాడు నాన్న, "ఇంతకీ ఆ సైకిలు ఎవరిది?"

"నాదేనండీ."

"మీ సైకిలు తెచ్చి మీ స్టాండులోనే పెట్టుకుంటే, టోకెను ఎవరికిస్తారు బాబూ?"

టోకెను అనేసరికి నాకు విషయం వెలిగింది. టీ గిన్నె అక్కడే వదిలేసి, నోట్లో కొంగు కుక్కుకుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. హాల్లోకొచ్చి ఆయన ఫోన్లోని బొమ్మ నాన్నకి చూపించాను. నాన్న ఆ మూడు కాళ్ళ గొట్టాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఓసి నీ దుంపతెగ, దీనికా మమ్మల్ని పరిగెత్తించావు!" అంది. మా ఆయనకి, తన ఉద్యోగం పోయి సైకిళ్ళ కాపలా పెట్టుకుంటున్నారని అమ్మా నాన్నా అనుకున్న సంగతి అప్పటికి గానీ తెలియలేదు. ఆయన మొహం చూడాలి.

నవ్వులయ్యాక నాన్నకి కోపం వచ్చింది. "సరే, నవ్వింది చాలు. ఇంత చిన్న వస్తువు. ఆయన ముచ్చటపడి కొనుక్కుంటానంటే నీకేం నొప్పి? ఎందుకు వద్దు?"

"చోటు లేదు" అన్నాను.

"మడిచి మంచం కింద పెడతానంటున్నారుగా."

ముగ్గురూ నాకేసే చూస్తున్నారు. ఆయన మెల్లగా అన్నారు, "దానికి భుజం నొప్పండీ. ఎన్నాళ్ళని సైకిలు మొయ్యమంటాను? అందుకే కొందామన్నాను."

అది వినేసరికి నాకు ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపు కోపంగా మారింది.

"నాకు భుజం నొప్పీ లేదు, ఏమీ లేదు. ఊరికే అన్నాను. ఆ సైకిలు పట్టుకుంటేనే మీరు నాతో మాట్లాడేది. ఆ గంట కూడా ఇనప గొట్టానికి ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?"

ఆయన బిత్తరపోయారు. "మాట్లాడ్డానికి సైకిలెందుకే?"

"మరి సైకిలు లేకుండా మీరు నాతో ఎప్పుడు మాట్లాడారో చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. పైకప్పు వైపు చూశారు. నిజాయితీగా వెతికారు పాపం, నాకు కనిపిస్తూనే ఉంది. దొరకలేదు. నోరు మూసుకున్నారు.

నాన్న లేచి చెప్పులేసుకున్నాడు. "నేను చెప్పడానికొచ్చింది వద్దని. చెప్పేశాను. ఇక మీ ఇష్టం" అన్నాడు. అమ్మ నా చెవిలో, "కొననివ్వవే. భుజం పడిపోయాక ఇద్దరూ ఏ డాక్టరు దగ్గర మాట్లాడుకుంటారు?" అంది.

స్టాండు వచ్చింది. నేనే కొనండన్నాను. నా మంచి కోసం తెస్తానన్న మనిషిని ఇంకా వద్దనడానికి నోరు రాలేదు. ఆ ఆదివారం బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డాను. ఏం చేయాలో తెలియని నా రెండు చేతుల్నీ కట్టుకున్నాను. క్లాంపు సైకిల్ని గట్టిగా పట్టుకుంది. చక్రం నున్నగా, వణుకు లేకుండా తిరిగింది. నేను పట్టుకున్నప్పుడు ఎప్పుడూ అంత కుదురుగా తిరగలేదు, చూసి ఒళ్ళు మండింది.

ఆయన దుకాణంలో జరిగిన ఒక గొడవ గురించి చెప్పడం మొదలుపెట్టారు. బాగానే చెబుతున్నారు గానీ, గేర్లు ఠకఠకమని కుదిరిపోయాయి, బ్రేకులు బిగిశాయి, కథ సగంలో ఉండగానే పని అయిపోయింది. మాట ఆగిపోయింది. ఆయన చైను తుడిచారు. తుడిచిన చైనునే మళ్ళీ తుడిచారు. నేను ఇక వంటింట్లోకి వెళదామని వెనక్కి తిరిగాను.

"ఉండు," అన్నారు.

పానా అందుకుని, ఇందాకే బిగించిన బ్రేకు నట్టు మీద పెట్టి తిప్పారు. బిగించే వైపు కాదు. బ్రేకు తీగ జారి కింద వేలాడింది.

"బ్రేకు వదులైనట్టుంది," అన్నారు, నా మొహంకేసి చూడకుండా.

"అవునండీ, బాగా వదులైంది," అన్నాను, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటూ. "తొందరేం లేదు, నిదానంగా బిగించండి."