సుంకులమ్మ నీళ్ళు తెచ్చేలోగా

నేను ఒక రైలు కమ్మీ ముక్కను. పుట్టిల్లు ఇంగ్లండులో ఒక కొలిమి. ఓడెక్కి మద్రాసు రేవులో దిగి, కడప సీమకు కొత్తగా పట్టాలు వేస్తున్న రోజుల్లో ఇక్కడికి చేరాను. కొలతకు మించిందని పట్టా చివర నన్ను కోసేశారు. నా తోబుట్టువుల మీద బండ్లు పరుగెత్తాయి. నన్ను మాత్రం పెన్న ఒడ్డున ఒక చిన్న స్టేషను వసారాకు వేలాడదీసి, గంట అన్నారు. పేరు గొప్పదే. ఊరందరినీ సాగనంపాను కానీ, నేను అంగుళం కదల్లేదు.

నన్ను మోగించేవాడు దస్తగిరి. అతను ఇనుప కడ్డీతో నన్ను కొడితే బండి బయలుదేరాలి. ఆ సంగతి జనానికి ఒంటబట్టడానికి చాలా కాలం పట్టింది. ఇంజనుకు పసుపు పూసేవాళ్ళు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, అది మనిషి కోసం ఆగదంటే మాత్రం నమ్మేవాళ్ళు కారు. పాపం, వాళ్ళెరిగినవి ఎద్దుల బండ్లు. మూట ఎక్కించి ఎటు వెళ్ళినా, వచ్చేదాకా బండివాడు చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు.

సుంకులమ్మ కూడా అలాగే అనుకుంది. చూపులేని తండ్రికి మద్రాసులో వైద్యం చేయించాలని బయలుదేరింది. ఆయన్ను రైలు పెట్టెలో కూర్చోబెట్టి, మూట ఒళ్ళో పెట్టి, చెంబు అందుకుంది.

"నీళ్ళు తెస్తా నాయనా. మన మూట బండ్లోనే ఉండాది కదా, మనల్నిడిసి యాడికి పోతాది?"

బావి కాస్త దూరం. ఆమె తిరిగి వస్తుండగానే గార్డు జెండా తీశాడు. దస్తగిరి కడ్డీ ఎత్తి ఆగిపోయాడు. చెంబు తొణకకుండా పరుగెత్తుకొస్తున్న ఆమె అతనికి కనబడుతూనే ఉంది.

"అయ్యా, ఆయమ్మ వస్తాండాది. రవ్వంత సేపు..."

"టైమయింది. కొట్టు!" అన్నాడు గార్డు.

దస్తగిరి కొట్టాడు. నేను మోగాను.

బండి కదిలింది. ముసలాయన కిటికీలోంచి చెయ్యి చాచి గాలిలో తడుముతూ, "సుంకులూ, ఎక్కినావా?" అని అరిచాడు.

తర్వాతి బండిలో ఆమె వెళ్ళింది. దస్తగిరీ తోడు వెళ్ళాడు. దారిలో ప్రతి స్టేషనులోనూ దిగి అడిగారు. ఆయన జాడ తెలియలేదు. ఆపైన ఏళ్ళ తరబడి సుంకులమ్మ మద్రాసు నుంచి వచ్చే బండికి ఎదురొచ్చేది, నిండు చెంబుతో. ఆమె ముఖం చూసినప్పుడల్లా నేను పట్టాగానే మిగిలిపోయి ఉంటే బాగుండేదనిపించేది. దస్తగిరి పనిలో ఉన్నన్నాళ్ళూ కడ్డీ ఎత్తేముందు, "ఎక్కినారా అందరూ?" అని కేక పెట్టేవాడు. కొత్త గార్డులు నవ్వేవారు.

ఇప్పుడు నన్ను మ్యూజియంలో పెట్టారు. ముట్టరాదని బోర్డు ఉన్నా, వచ్చినవాళ్ళు వేలితో ఒక్కసారి కొట్టి చూస్తారు. పక్కవాడికి కూడా వినబడనంత చిన్నగా మోగుతాను. ఆ రోజు కూడా ఇలాగే మోగి ఉంటే ఇంజను డ్రైవరుకు వినబడేది కాదు, బండి కదిలేది కాదు. ముసలాయన నీళ్ళు తాగేవాడు.