ఎల్బీనగర్ పప్పుచారు చరిత్ర

జ్యోతికకు యూనివర్సిటీలో చరిత్ర సీటు వచ్చిన ఏడాదే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కొత్త చుడీదారు ఇస్త్రీ చేయించి తలుపు వెనక తగిలించుకుంది గానీ, బస్సులు డిపోల్లోంచి కదిలితే కదా. పాఠాలు చెప్పేవాళ్లూ సమ్మెలోనే ఉన్నారు. మన్సూరాబాద్‌లో కనిపించిన ప్రతివాళ్లకూ “ఇంక షురూ కాలే” అని చెప్పి చెప్పి ఆమెకు విసుగొచ్చింది.

అలాంటి సమయంలో ఇందిరాదేవి మేడమ్ ఫోన్ చేసింది. ఆమె చరిత్ర లెక్చరర్, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో.

“నేను సమ్మెల ఉన్న, పాఠం చెప్ప. గీ దిక్కున్న కొత్త పిల్లలు మా ఇంటికి రాండ్రి. ముచ్చట పెట్టుకుందాం” అంది.

ఎండలో అంతదూరం నడిచి వెళ్తే అక్కడ ఇంకొక్కడే ఉన్నాడు. పేరు వినయ్. వాళ్లది తెనాలి వైపు, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఫ్లాటు. బుద్ధిగా, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు.

మేడమ్ చాయ్ ఇచ్చి, “నిన్న ఎల్బీనగర్ చౌరస్తాల వంటావార్పు అయింది గద. మీల ఎవరన్న చూసిన్రా?” అని అడిగింది.

ఇద్దరూ చూశామన్నారు. జ్యోతిక వాళ్లమ్మతో కలిసి రోడ్డు మీద ఉల్లిగడ్డలు కోసింది. వినయ్, వాళ్ల నాన్నగారు స్కూటరు మీద వెళ్తూ ఆ జనంలో ఇరుక్కున్నారు.

“అయితే ఏం జరిగిందో చెరొక పేజీ రాయండ్రి” అంది మేడమ్.

రాశాక చదవమంది. జ్యోతిక గొంతు సవరించుకుంది. “జనం ఉత్సాహంగా రోడ్డు మీదే వండుకున్నారు. ఒక ఆంధ్రా పెద్దమనిషి తనంతట తానే స్కూటరు దిగి వచ్చి, పప్పుచారు మళ్లీ పోయించుకుని మరీ తిన్నాడు.”

వినయ్ ముఖం ఎర్రబడింది. తన పేజీ తీసి చదివాడు. “ఒకావిడ గరిటె ఎత్తి బెదిరించి, మా నాన్నగారి చేత బలవంతంగా సాంబారు తినిపించింది.”

“ఆమె మా అమ్మ” అంది జ్యోతిక.

“ఆయన మా నాన్నగారు.”

మేడమ్ చాయ్ తాగుతూ కూర్చుంది.

“బెదిరించలే. గరిటెతోని రమ్మన్నది, అంతే.”

“రమ్మనేవాళ్లు గరిటె అంత పైకెత్తరు. నేను స్కూటరు పట్టుకుని చూస్తూనే ఉన్నా.”

“మరి మళ్లెందుకు పోయించుకున్నడు?”

“భయమేసి.”

“అది సాంబారు గాదు, పప్పుచారు.”

మేడమ్ గ్లాసు కింద పెట్టింది. “ఒక్క రోజుకే ఇట్లుంటే నూరేండ్ల కిందటి సంగతి ఎట్ల తేలుస్తరు? పోయి వాళ్లనే అడగండ్రి.”

వినయ్ ఇల్లు దగ్గర కాబట్టి ముందు అక్కడికే వెళ్లారు. వాళ్ల నాన్న శ్రీరామమూర్తి గారు సంగతంతా విని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

“ఆకలేసిందమ్మా. మీ అమ్మగారు పిలిచారు, వెళ్లాను. డాక్టరు ఉప్పూ కారం మానమన్నాడు కదా, అందుకని ఇంట్లో మాత్రం బలవంతం చేశారని చెప్పాను. మీరు కాస్త నెమ్మదిగా మాట్లాడండి.”

జ్యోతికకు పట్టలేనంత సంతోషం. మన్సూరాబాద్‌లో తమ ఇంటి దాకా నడిచినా కాళ్లు నొప్పెడుతున్నాయని కూడా అనలేదు. వినయ్ నాలుగడుగులు వెనక నడిచాడు.

అండాలమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూతురు అడిగిందంతా విని చాట ఆపింది.

“నేనేడ పిలిచిన? ‘స్కూటర్ పొగ గిన్నెల పడ్తంది, జర పక్కకు జరుగు పెద్దాయనా’ అని గరిటె ఊపిన. ఆయనేమో బువ్వకు పిలుస్తున్న అనుకొని వచ్చి కూసున్నడు. వచ్చి కూసున్న మనిషిని లేపుతమా బిడ్డా? పోసిన.”

ముందు వినయ్ నవ్వాడు. జ్యోతిక తన పేజీలో ‘తనంతట తానే’ అన్న మాట దగ్గర వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఆమెకూ నవ్వు ఆగలేదు. ఇద్దరూ గడప మీద కూర్చుని కొత్త పేజీ మొదలుపెట్టారు.

“డాక్టర్ ముచ్చట రాయకుండ్రి. పాపం, ఇంట్ల ఆమెకు తెలుస్తది” అంది అండాలమ్మ. “చారు ఎట్లుందన్నడో గది రాయండ్రి.”

వినయ్ అబద్ధం ఆడడానికి చాలా ప్రయత్నించాడు గానీ చేతకాలేదు. “ఉప్పు కాస్త ఎక్కువైందన్నారండి.”

అండాలమ్మ చాట పట్టుకుని లేచి లోపలికి పోయింది.

“నిజంగనే అన్నడా?” అని జ్యోతిక మెల్లగా అడిగింది.

“అన్నారు. రెండో గిన్నె అయ్యాక.”

దాన్ని రాయాలా వద్దా అని వాళ్లు వాదించుకుంటూ ఉండగానే వాకిట్లో ఎండ తగ్గిపోయింది.