గాలి రాకుండా

మారెక్క జీన్స్ పీలికలను ఉండలు చుట్టి కిటికీ ఊచల మధ్య కుక్కుతోంది. పైన అందని చోట చీపురు వెనకవైపుతో పొడిచి మరీ కుక్కింది. రాయదుర్గంలో పీలికలకేం కొదవ! వాన ముఖం చాటేసినా చలికాలపు జలుబు మాత్రం ఆ ఊరికి ఠంచనుగా వస్తుంది.

ఎదుటి యూనిట్‌లో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని ఈ ఒంటిగదిలో దింపి పోతారు. వాళ్ళ ముక్కులు తుడవడం, అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం మారెక్క పని. నిన్న ఆసుపత్రి నర్సమ్మ గుమ్మంలోనే నిలబడి చెప్పిపోయింది.

"ఇది గాలికొచ్చే జరం మారెక్కా. పిల్లోల్లు భద్రం."

అంతకంటే విడమరచే తీరిక ఆమెకు లేదు. మారెక్కకు విడమరచనక్కర్లేదు. కన్న ఒక్క కొడుకూ జ్వరంతో పోతే దయ్యపు గాలి సోకిందన్నారు. తలుపు తెరిచి పడుకోబెట్టినందుకు, ముసలిదైపోయినా, తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

కృపాకుమారి తన కొడుకు జోయల్‌ని దించింది. వాడు ఆగకుండా దగ్గుతున్నాడు.

"ఒళ్ళు కాలతాండాది గదమ్మా వీనికి!"

"ఈపొద్దు పోకుంటే పనిలోంచి తీసేస్తారత్తా."

"సరే, పో. నేనుండా గదా."

ఒంటరిగా ఉంటే గాలి పట్టుకుంటుందని వాణ్ణి పిల్లలందరి నడుమ పడుకోబెట్టింది. తలుపు గడియ వేసి వేపాకు పొగ పెట్టింది.

గౌతమి ఒక్కతే మొండికేసింది. రోజూ ఆ కిటికీలోంచి అమ్మ పోయిన గేటు చూసుకునే పిల్ల అది.

"అమ్మ కనపడల్యా. తియ్యవ్వా."

"తీస్తే గాలొస్తాది బంగారూ."

"రానీ!"

మారెక్క దాన్ని ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పింది. పిల్ల గింజుకుని, ఏడ్చి, చివరికి జోయల్ పక్కనే నిద్రపోయింది. పిల్లల్ని కాపాడుకున్నానన్న తృప్తితో మారెక్కకూ కునుకు పట్టింది.

జ్వరం గౌతమికీ అంటుకుంది. జోయల్ తేరుకున్నాడు. గౌతమి తేరుకోలేదు. ఆ వారంలోనే, ఆసుపత్రికి పోయే ఆటోలో, తల్లి ఒళ్ళో పోయింది.

నర్సమ్మ వచ్చి గదిలో ఊపిరాడక ముక్కు మూసుకుంది.

"కిటికీ మూసినేది ఎవురు? గాలాడాల గదా!"

"గాలికొస్తాదని నువ్వే గదమ్మా చెప్తివి... గాలి సోకకుండా..."

నర్సమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం మాడ్చుకుని, పిల్లల కోసం వచ్చిన తల్లులందరి ఎదుట అనేసింది.

"నీ చేతులారా చంపినావు."

మర్నాడు ఎవరూ పిల్లల్ని దించలేదు. మారెక్క పీలికలు పీకడానికి కిటికీ దగ్గర కూలబడింది. కింది వరసలో, పిల్ల కళ్ళ ఎత్తున, గుడ్డ ఉండల మధ్య చిటికెన వేలు దూరేంత కన్నం ఉంది. అందులోంచి యూనిట్ గేటు కనిపిస్తోంది.