విప్పని మూటలు

మూట విప్పగానే కంపు గుప్పున కొట్టింది. నెత్తురు, చీము, కక్కు కలిసి ఆసుపత్రి దుప్పట్లు ఒకదానికొకటి అట్టకట్టుకుపోయాయి. వాటిని విడదీస్తున్న ఆడపడుచు "అమ్మా!" అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలికి సూది దిగబడి ఉంది. ఏ రోగికి పొడిచి పారేసిందో ఏమో!

వదిన పరుగున వచ్చి సూది పీకేసింది. ఆడపడుచు పిలిచే 'వదిన' అన్న పిలుపే ఆసుపత్రి లాండ్రీలో అందరి నోటా స్థిరపడింది.

లాండ్రీ కాంట్రాక్టరు ముక్కు మూసుకుని గుమ్మంలోనే ఆగాడు. "సబ్బుతో కడుక్కుని పని చూడమను. ఈమాత్రానికే రాగాలా?"

"పరీక్ష చేయించండి బాబూ. పైన అంతస్తు నిండా డాక్టర్లే కదా!" అంది వదిన.

"వాళ్లున్నది రోగులకి. మీకు కాదు."

వానలు వెలిసేసరికి ఆడపడుచు కళ్లు పచ్చబడ్డాయి. మెతుకు నోట పెడితే వాంతి. తను దుప్పట్లు ఉతికిన ఆసుపత్రిలోనే ఆమెను వరండాలో పడుకోబెట్టారు. కాంట్రాక్టరు పనిలోంచి తీసేశాడు. "వీళ్ల బతుకులే మురికి. జబ్బు ఇంట్లోంచే తెచ్చుకుంది" అన్నాడు. పక్కనున్న సూపరింటెండెంటు అవునన్నట్టు తలూపాడు.

ఆ సాయంత్రం అందరూ బాయిలరు దగ్గర చేరారు.

"వార్డుల్లో సూదులు ఏరి పంపేదాకా మూట విప్పొద్దు" అంది వదిన.

బాయిలరు చూసుకునే తాత ఒప్పుకోలేదు. "దుప్పటి లేకపోతే అవస్థపడేది రోగులే. వాళ్లేం పాపం చేశారే?"

"నా ఆడపడుచు ఏం పాపం చేసింది తాతా?"

తాత బాయిలరు వైపు తిరిగిపోయాడు.

"మనల్నీ తీసేస్తే?" ఎవరో గొణిగారు.

"అందర్నీ తీసేసి ఎవరిచేత ఉతికిస్తాడే? తనే ఉతుకుతాడా, ముక్కు మూసుకుని?"

నవ్వు లేచింది. భయం పోలేదు గానీ, మర్నాడు ఎవరూ మూట ముట్టుకోలేదు.

వార్డుల్లో గోల మొదలైంది. ఒక తల్లి లాండ్రీ మీదికి వచ్చిపడింది. "నా కొడుకు ఉత్త రెక్సిన్ మీద ఒళ్లు ఒరుసుకుపోయి ఏడుస్తున్నాడు. మీకు మనసనేది ఉందా?"

వదిన వాదించలేదు. చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లి, మూటలో సూది గుచ్చుకున్న సంగతి చెప్పింది. ఆడపడుచు మొహం చూసి ఆ తల్లి నిలువునా నీరైపోయింది.

"మావాడికి ఇంజక్షన్ చేసిన సూది పక్కమీదే పడేశారు. నేను చూశాను" అంది మెల్లగా.

ఇద్దరూ వెళ్లి నర్సును నిలదీశారు. ఆమె తన వేళ్లు చాపి చూపించింది. "సూదులు వేసే డబ్బాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. మాకూ గుచ్చుకుంటున్నాయమ్మా. అడిగితే మెమో ఇస్తామన్నారు."

నర్సులు, ఆయాలు, రోగుల తాలూకు మనుషులు లాండ్రీ ముందు బైఠాయించారు. తాత కూడా వచ్చి కూర్చున్నాడు.

కాంట్రాక్టరు లారీలో కొత్త పనివాళ్లను దింపాడు. వెనకే పోలీసులు వచ్చారు. రోగుల ప్రాణాలతో ఆడుకుంటోందని వదినను వ్యాన్ ఎక్కించారు.

"నీ ఆడపడుచుకి నేనున్నాను, పో!" అని అరిచింది ఆ తల్లి.

వ్యాన్ జాలీలోంచి వదిన చూస్తోంది. కొత్తగా వచ్చిన ఒకామె ముందు నర్సు ఏదో చెప్పి తన వేళ్లు చాపింది. ఆమె మూట దగ్గరికి వెళ్లి ఆగింది.

"బాబూ, మీరొకటి విప్పి చూపించండి. తర్వాత మేం విప్పుతాం."

"నేనా?" కాంట్రాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"విప్పు!" అన్నాడు తాత. "విప్పు! విప్పు!" అని జనమంతా అందుకున్నారు.

అతను విప్పలేదు. కొత్తామె కొంగు దోపుకుని నేరుగా వచ్చి, వ్యాన్ ముందు నేలమీద కూలబడింది. ఆమె పక్కన తల్లి, నర్సు, ఆ వెనక లారీ దిగినవాళ్లందరూ.

డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఒక్కరూ లేవలేదు.