గమేళాలో రజను

మమతారాణి వండిన పప్పుకు డీజిల్ వాసన వస్తుందని అత్త బుచ్చవ్వ రోజుకొకసారైనా అంటుంది. అనక ఏం చేస్తుంది పాపం, నిజంగానే వస్తుంది. సబ్బుతో రుద్దినా, సర్ఫుతో రుద్దినా, చివరికి బూడిదతో తోమినా ఆ వాసన గోళ్ల సందులను వదలదు. "గా చేతులతోనే పిండి పిసుకుతదవ్వా, తినబుద్ధి గాదు" అని వచ్చిన చుట్టానికల్లా చెబుతుంది బుచ్చవ్వ. ఆ చేతులకు ఆ వాసన ఎక్కడ అంటుకుందో మాత్రం ఎవరికీ చెప్పదు. చెబితే కొడుకు పరువు పోదూ!

లక్సెట్టిపేట నుంచి ఉట్నూరు పోయే రోడ్డు మీద సంపత్‌కు జీపులు బాగుచేసే షెడ్డు ఉంది. షెడ్డు వెనకే ఇల్లు. పనివాళ్లు ఒకరొకరే దుబాయికి, మస్కట్‌కు వెళ్లిపోయాక విప్పిన ఇంజన్ల సామాన్లు గమేళాల్లో ఇంటి వెనక వాకిట్లోకి రావడం మొదలైంది. "గీ ఒక్కసారికి కడుగు" అన్నాడు సంపత్ మొదటిసారి. ఆ ఒక్కసారి ఇప్పటిదాకా అయిపోలేదు. డీజిల్లో నానబెట్టడం, బ్రష్షుతో తోమడం, సన్న చువ్వకు గుడ్డ చుట్టి ఆయిలు పారే రంధ్రాలన్నీ పొడవడం, ఆరబెట్టి మళ్లీ షెడ్డులోకి మోయడం, అతను బిగిస్తుంటే లైటు పట్టుకుని నిలబడటం, అన్నీ ఆమే. బండ్లవాళ్లు వచ్చి "ఒక్కనివే ఎట్ల జేస్తున్నవ్ సంపతన్నా?" అని అడుగుతారు. "ఏం జెయ్యాలె మరి, చెయ్యిల చెయ్యి వెట్టెటోడు లేడు. ఇంటామె ఉన్నది గని ఆమెకేం దెల్సు, వండుకుంట తినుకుంట ఇంట్ల ఉంటది" అంటాడు. ఆ సమయానికి ఆమె తడకకు ఇవతల కూర్చుని వాళ్ల బండి పిస్టన్లే తోముతూ ఉంటుంది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత మండటం కూడా మానేసింది. మండీ మండీ ఎంతకని మండుతుంది!

ఆ శుక్రవారం సంపత్ ఎవరిదో క్రాంకు, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, లేతు పట్టించడానికి కరీంనగర్ వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "వాహెద్ భాయ్ జీపొస్తది. పాత ఆయిల్ దించి కొత్తది పోసి పంపు. పైసలు నేనడుగుత, నువ్వేం మాట్లాడకు" అన్నాడు. వాహెద్‌ది ఉట్నూరు. ఆ జీపుకు ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా చేసి ఇంకా నెల కాలేదు. కొత్తగా చేసిన ఇంజన్‌కు మొదటి ఆయిలు తొందరగా మార్చాలి, అందుకని వచ్చాడు. తాళంచెవి ఆమెకిచ్చి, "భాబీ, జర జల్దీ. నమాజ్ చేసుకొని వస్త. రేపటి సంది పత్తి ఏరేటోళ్లను తీస్కపోవాలె. గూడేలకాడ ఆడోళ్లు తెల్లారకముందే నిలవడి ఉంటరు" అని మసీదువైపు నడిచాడు.

జీపు కింద గమేళా పెట్టి, పానాతో ఇంజన్ అడుగున ఆయిలుండే చాంబరు బోల్టు విప్పింది మమతారాణి. వేడి ఆయిలు నల్లగా దూకింది. నింపాదిగా చూస్తూ కూర్చుంది. ఇంట్లో ఆమెకు కూర్చునే వీలు దొరికేది ఇలాంటప్పుడే. ధార సన్నబడి బొట్లు బొట్లుగా పడేసరికి గమేళాను ఎండలోకి లాగింది. లాగి, అట్లాగే ఉండిపోయింది.

ఆయిలు నిండా లోహపు రజను మెరుపు. పెళ్లి పందిట్లో పిల్లల మొహాలకు పూసే చమ్కీ పొడి ఉంటుంది చూడండి, అట్లా. వేలు ముంచి బొటనవేలితో రాసింది. గరగరలాడింది. అడుగున తడిమితే గోరు చివరంత రేకు ఒకటి చేతికొచ్చింది. కొత్త ఇంజన్‌లో కాస్త మసక మెరుపు ఉండటం ఆమె చాలాసార్లు చూసింది. ఇది అది కాదు. లోపల ఇనుము ఇనుమును తింటోంది.

ఆమెకు ముందుగా వచ్చిన ఆలోచన ఇంజన్ గురించి కాదు. "కడిగింది నేనే గదా" అనుకుంది. బోరింగు పట్టించి తెచ్చిన ఈ ఇంజన్ బ్లాకును, లోపలి ఇనుప పొడి పోయేలా కడిగిన రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోబోయింది. ఆ రోజు ఆడబిడ్డ వాళ్లు వచ్చారు. డీజిల్ చేతులు కడుక్కుని కోడి కోసింది. మళ్లీ వచ్చి బ్లాకు ముందు కూర్చుంది. నల్లా వస్తే బిందెలకు లేచింది. మళ్లీ కూర్చుంది. "చాయ్ ఏదే?" అని షెడ్డులోంచి కేక వస్తే లేచింది. అత్త మోకాళ్లకు మందు రాయమంటే లేచింది. లేచిన ప్రతిసారీ చువ్వ ఏ రంధ్రం దగ్గర ఆపిందో గుర్తుపెట్టుకునే లేచిందా? అన్నిట్లోనూ గుడ్డ దూర్చిందా? పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఆమె ఒక పని మొదలుపెట్టి, అది పూర్తయ్యేదాకా లేవకుండా కూర్చున్న రోజు ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఒక్కటీ తగల్లేదు. ఏడవడానికి కూడా తీరిక లేదు, నమాజ్ అయిపోతుంది.

ఇంకోటీ గుర్తొచ్చింది. బేరింగులు వేసి క్రాంకు బిగించిన సాయంత్రం లైటు పట్టుకున్నది తనే. సంపత్ చేత్తో తిప్పితే క్రాంకు ఒకచోట పట్టి పట్టి తిరిగింది. "జర బిగుసుగ తిరుగుతున్నట్టుంది గదా?" అంది. "నడుస్తుంటే అదే సాపయితది. నువ్వు లైటు పట్టు సాలు, నాకు పని నేర్పకు" అన్నాడు. ఆమె లైటు పట్టింది. నోరు మూసుకుంది.

తప్పు తనదో అతనిదో విప్పితే తప్ప తెలియదు. భర్తకు ఫోన్ చేసింది. చెప్పిందంతా విని సంపత్ గొంతు తగ్గించి, "ఫిల్టర్ మార్చి కొత్తాయిల్ పోసి పంపియ్. అది సూపియ్యకు" అన్నాడు.

"రేకు కూడ వచ్చింది. ఇరవైమంది ఆడోళ్లను ఎక్కించుకొని పోతడు. ఘాట్ ఎక్కంగ ఇంజన్ పట్టేసి ఆగిపోతే?"

"పట్టెయ్యది. పట్టేస్తే అప్పుడు సూద్దాం. మళ్ల విప్పుమంటె ఏ మొకం వెట్టుకొని విప్పాలె? ఈ రోడ్డు పొడుగున నా పేరు పోతది. గమేళా తీసి ఎనుక పారబొయ్. చెప్పింది జెయ్."

అతను భయపడుతున్నాడని ఆమెకు తెలిసింది. ఆ భయం ఎట్లాంటిదో కూడా తెలుసు. జాలి కూడా వేసింది. గమేళా ఎత్తి తడక దాకా మోసింది. అక్కడ ఆగింది. తెల్లారకముందు చలిలో టిఫిన్ డబ్బాలు కొంగులో కట్టుకుని రోడ్డు పక్కన నిలబడే ఆడవాళ్లు కళ్లముందు మెదిలారు. వాళ్లు కూడా ఇంట్లో అన్నం వండి, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చేవాళ్లే. జీపు వెనక మెట్టు మీద వేలాడుతూ పోయేవాళ్లే. ఘాట్ మీద ఇంజన్ పట్టేసి జీపు వెనక్కి జారితే అప్పుడు చూద్దామట! చూడటానికి ఎవరు మిగులుతారు?

వాహెద్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "అయిపోయిందా భాబీ?"

"కాలే అన్నా. ఇటు రా" అని గమేళా అతని కాళ్ల ముందు పెట్టింది.

వాహెద్ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "యా అల్లా" అన్నాడు నెమ్మదిగా. "నెల గూడ కాలేదు గదా భాబీ. మళ్ల పరేషానేనా?"

"బండి చాలు చెయ్యకు, ఈడనే ఉండనీ. రేపు వేరే జీపు మాట్లాడుకో. ఆయనొచ్చినంక ఇంజన్ దించుమను" అంది. చెప్పేసింది.

సంపత్ పొద్దుగూకే వేళకు వచ్చాడు. షెడ్డులో వాహెద్ కూర్చుని ఉన్నాడు. పక్క చాయ్ హోటలు నుంచి నలుగురు చేరారు. పంక్చర్లు వేసే మొండయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. గమేళా మధ్యలో ఉంది. సంపత్ దాన్ని చూశాడు, తడక దగ్గర నిలబడ్డ భార్యను చూశాడు. మొహం ఎర్రబడింది.

"వాహెద్ భాయ్, నా బిగింపుల ఏం తప్పు లేదు. సామాన్లు కడిగింది మా ఇంటామె. బోరింగు పట్టినప్పుడు రాలిన పొడి సక్కగ పోనట్టుంది. ఆడదానికేం దెల్సు, ఎంత చెప్పినా గంతే" అన్నాడు.

అందరూ ఆమెవైపు తిరిగారు. "ఇన్ని దినాలు సామాన్లు ఈమె కడుగుతుందా?" అన్నాడు మొండయ్య ఆశ్చర్యంగా.

మమతారాణికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, ఎక్కడినుంచో నవ్వులాంటిది వచ్చింది. ఇన్నేళ్లలో తను పని చేస్తుందని సంపత్ నలుగురిలో చెప్పడం ఇదే మొదటిసారి. ఎన్ని ఇంజన్లు ఈ షెడ్డు నుంచి హాయిగా పాడుతూ పోయాయి! ఒక్క ఇంజన్‌కైనా "మా ఆమె కడిగింది" అన్నాడా? బాగున్నవన్నీ అతని చేతివి. చెడింది ఒకటి దొరకగానే ఆమెకు చేతులు మొలిచాయి. ఛీ, ఏం బతుకిది అనిపించింది. ఆ మరుక్షణమే, అన్నాడు కదా, ఇక వెనక్కి తీసుకోలేడు కదా అని కూడా అనిపించింది.

ముందుకొచ్చింది. "ఔ. కడిగింది నేనే" అంది. "ఈ ఒక్కటే గాదు, అన్ని ఇంజన్లు నేనే కడిగిన. దించుండ్రి. విప్పినంక తప్పు యాడుందో నేను గూడ సూస్త."

"నువ్వు లోపలికి పో" అన్నాడు సంపత్.

"పోను."

"మొగోళ్ల నడుమ ఏంది బిడ్డా నీకు?" అంది బుచ్చవ్వ గుమ్మంలోంచి. మమతారాణి కదల్లేదు. వాహెద్ మాత్రం, "దించు సంపతన్నా. భాబీ చెప్పకుంటె రేపు నా పానం పోతుండె, నాతోటి ఇంకెంతమందో పోతుండె" అన్నాడు.

మర్నాడు పొద్దున వాహెద్, మొండయ్య కూడా చెయ్యి వేస్తే ఇంజన్ దించారు. క్రాంకు తీసేసరికి బేరింగు బయటపడింది. ఒక పక్కంతా గీసుకుపోయి లోపలి రాగి కనిపిస్తోంది. ఆ సాయంత్రం క్రాంకు పట్టి పట్టి తిరిగిన చోటే. వాహెద్ దాన్ని ఎండకు పట్టి చూపించాడు. సంపత్ చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "బేరింగుల మాలే గట్ల వస్తుంది ఈ నడుమ" అన్నాడు.

మమతారాణి చువ్వకు తెల్లగుడ్డ చుట్టి, బ్లాకులో ఒక్కో రంధ్రమూ పొడుస్తోంది. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదీ ఉంది. చివరి మూలదానిలోంచి గుడ్డ బయటికి వచ్చేసరికి దాని కొసకు బూడిదరంగు పొడి, చిటికెడంత. ఎవరూ చూడలేదు. గుడ్డ మడిచి డీజిల్లో ముంచితే అయిపోయేది. నిన్న భర్త ఫోన్లో చెప్పింది కూడా సరిగ్గా ఇదే. అవమానంగా ఉంది. అయినా గుడ్డ విప్పి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

"ఇది నాది. మూలరంధ్రం నేను కడగలే" అంది.

"సూసిండ్రా! నేను అన్ననా లేదా!" సంపత్ గొంతులోకి ప్రాణం తిరిగొచ్చింది.

"అన్నవ్. ఇది నాదే, ఒప్పుకుంటున్న. మరి అది ఎవలది?" అని బేరింగు వైపు చూసింది.

మొండయ్య దగ్గాడు. వాహెద్ నేలకేసి చూశాడు. సంపత్ బేరింగును గుడ్డలో చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. "నాది" అన్న మాట అతని నోట రాలేదు. చూసి చూసి మమతారాణి చూపు తిప్పుకుంది. ఇంక ఆ మాట కోసం ఎదురుచూడటం దండగ అనిపించింది. అతను ఒప్పుకుంటేనే తన పని పని అవుతుందా?

"వాహెద్ అన్నా, బ్లాకు మళ్ల నేనే కడుగుత. క్రాంకు చేతితోటి అల్కగ, పట్టకుంట తిరుగుడు నేను సూసినంకనే చాంబరు మూస్తరు" అంది. అని, గమేళా ఎత్తి వెనక వాకిట్లోకి పోలేదు. బ్లాకును షెడ్డు ముందుకు, రోడ్డు కనిపించేచోటికి జరిపించుకుని పీట మీద కూర్చుంది.

బుచ్చవ్వ లబోదిబోమంది. "రోడ్డు మీదికి కూసుంటవా? నలుగురు సూస్తరు!"

"సూడనియ్యిండ్రి అత్తమ్మా."

మంచిర్యాల బస్సు వెళ్లింది. కిటికీలోంచి ఎవరో చూశారు కూడా. ఆమె మూలరంధ్రం ముందుగా పట్టింది. గుడ్డ మార్చి మార్చి పొడుస్తోంది. మాసిన గుడ్డ తీసేసి మళ్లీ కొత్తది చుడుతోంది. సంపత్ కాసేపు అటూ ఇటూ తిరిగి ఇంట్లోకి వెళ్లాడు. లోపల డబ్బాలు తీసిన చప్పుడు, మూతలు పడిన చప్పుడు. ఆ తర్వాత కేక.

"మమతా! నా చార్జర్ యాడ వెట్టినవే? దా ఓసారి!"

ఆమె చెయ్యి ఆగింది. అలవాటున మోకాళ్లు పైకి లేవబోయాయి. మళ్లీ పీట మీద కుదురుగా కూర్చుంది.

"నేను పనిల ఉన్న. నువ్వే ఎతుక్కో" అని, రోడ్డు దాకా వినబడేటట్టు చెప్పింది.