బంతి ముందు ప్రమాణం

రాహేలు మొగుడు పరంజ్యోతికి వాలీబాలంటే ప్రాణం. ఆయన కొట్టిన బంతి మాత్రం ఒక్కనాడూ నెట్ దాటి ఎరగదు. ఇంట్లో ట్యూబులైట్లు మాత్రం చాలా పగిలాయి.

కూతురు షైలజ దీనికి తలకిందులు. ఆవలిస్తూనే కొడుతుంది, అవతలి జట్టు చిత్తవుతుంది. కుప్పంలో ఒక క్లబ్బు వాళ్లు జీతమిచ్చి ఆడేదానికి రమ్మన్నారు. ఈ పొద్దే ప్రయాణం. కానీ పరంజ్యోతి ఆమె కిట్ బ్యాగు మీదెక్కి కూర్చున్నాడు.

“ప్రేమ లేకుండా ఆడేది పాపం. ప్రమాణం చేస్తేనే లేస్తాను.”

అందుకోసం పుంగనూరు నుంచి పాస్టరు గారిని కూడా పిలిపించాడు. ఆయన మొహమాటపడుతూ బంతిని చేతిలోకి తీసుకుని, పెండ్లిలో అడిగినట్టే అడిగాడు.

“షైలజా, గెలుపులోనూ ఓటమిలోనూ ఈ బంతిని ప్రేమిస్తావా తల్లీ?”

“లేదు అయ్యగారూ. బాగా కొడతాను, అంతే. నాకు ప్రేమంతా నిద్ర మీదే.”

“సూసినారా!” అంటూ పరంజ్యోతి బ్యాగు మీద ఇంకా గట్టిగా సర్దుకున్నాడు.

రాహేలు గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

“ఏమండీ, నా వంకాయ కూర ఎట్లుంటాది?”

“దానికేమి! మదనపల్లెలో అట్లా ఎవురూ సెయ్యలేరు.”

“నాకు వంకాయంటే అసయ్యం. పెండ్లయినప్పట్నించీ ముక్కు మూసుకోనే వండుతాండాను.”

ఆ కూర మీద ఆశతోనే వచ్చిన పాస్టరు గారి చేతిలోంచి బంతి జారిపోయింది.

పరంజ్యోతి వంటింటి వైపు తిరిగి వాసన చూశాడు.

“ఈ పొద్దు ఏం కూర?”

“వంకాయే.”

ఆయన మెల్లగా లేచి, బ్యాగు దులిపి కూతురి భుజానికి తగిలించాడు.

“తప్పు నాదేనమ్మా. బాగా కొడితే సాలు. పో, బస్సెక్కు.”